నాటకానికి నెల్లూరు వచ్చారా? ఊరు ఇట్లా చూడండి

మాది ఒంగోలు పక్కన పల్లె. పాతికేళ్ళుగా పద్యనాటకాల వెంట తిరుగుతున్నాను. నావన్నీ చిన్న వేషాలు. వికర్ణుడు, సాత్యకి, ఎవరూ రాకపోతే ద్వారపాలకుడు. వేషం చిన్నదే గానీ వ్యాను మాట్లాడటం, లాడ్జి చూడటం, ట్రంకు పెట్టెలు లెక్కపెట్టుకోవడం, ఆడ ఆర్టిస్టులను రైలెక్కించడం అన్నీ నా నెత్తినే ఉంటాయి. ఇన్నేళ్ళలో నెల్లూరికి ఎన్నిసార్లు వచ్చానో లెక్కలేదు. అయినా మొదటి ఏడెనిమిది సార్లు నేను చూసిన నెల్లూరు ఏందయ్యా అంటే బస్టాండు, లాడ్జి గోడ, గ్రీన్‌రూము, మళ్ళీ బస్టాండు. ఇంటికి పోయాక మా ఆవిడ "రంగనాయకుల గుడికి పోయొచ్చారా?" అని అడిగితే నీళ్ళు నమిలేవాణ్ణి. ఇప్పుడు మా నాటక సమాజంలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు అదే చేస్తుంటే చూడలేక ఇది రాస్తున్నా.

ముందు మన టైము సంగతి చూసుకోండి. తొమ్మిదిన్నరకి నాటకం అని కరపత్రంలో వేస్తారు. జ్యోతి ప్రజ్వలన, సన్మానాలు, శాలువాలు, నలుగురి ఉపన్యాసాలు అయ్యి తెర లేచేసరికి పదిన్నర. రాయబారం సీను వరకే అయితే ఒంటిగంటకి వదిలేస్తారు, పూర్తి కురుక్షేత్రం అయితే ఇంకా పొద్దుపోతుంది. రంగు తుడుచుకుని, కిరీటాలు పెట్టెలో సర్ది, తబలా ఆయన తన జోడీకి గుడ్డ చుట్టుకునేసరికి మూడు. ఆ టైముకి వచ్చి పడుకుంటే పదింటికి లేస్తారు, అప్పటికి వ్యాను డ్రైవరు కింద హారన్ కొడుతుంటాడు, గుళ్ళేమో మధ్యాహ్నం పన్నెండు లోపే మూసేస్తారు. ఇక ఊరేం చూస్తారు?

ఆట ముందు మధ్యాహ్నం తిరుగుదామంటే అదీ కుదరదు. పన్నెండు నుంచి నాలుగు దాకా గుళ్ళు మూసే ఉంటాయి, నెల్లూరు ఎండ సంగతి చెప్పక్కర్లేదు. శివరాత్రి నుంచి మే దాకా తిరునాళ్ళ సీజను, మన ఆటలన్నీ అప్పుడే. ఆ ఎండలో రెండు గంటలు తిరిగొచ్చినవాడు రాత్రి పద్యం ఎత్తుకుంటే సగంలో గాలి అయిపోతుంది. కాబట్టి ఆ నాలుగు గంటలూ తడి తువ్వాలు మొహాన వేసుకుని పడుకోండి. నిద్ర రాకపోయినా సరే.

మరి ఎప్పుడు చూడాలంటే, ఆట అయ్యాక, తెల్లవారుజామున. నామాట నమ్మండి. మూడింటికి పడుకోవద్దు. ఎట్లాగూ ఆట దిగాక రెండు గంటలు నిద్ర పట్టదు, ఒంట్లో తబలా మోగుతూనే ఉంటుంది. ఆ రెండు గంటలూ లాడ్జి మంచం మీద దొర్లే బదులు రంగు తీరిగ్గా తీసేసి, రైల్వేస్టేషన్ దగ్గరో బస్టాండు దగ్గరో టీ తాగి, నాలుగున్నర ఐదింటికి పెన్న ఒడ్డుకి పోండి. ఏడున్నరకల్లా గుడి, ఏరు, పాతపేట వీధులు అన్నీ చూసి, టిఫిన్ చేసి, ఎనిమిదింటికి వచ్చి పడుకోవచ్చు. వ్యాను పదకొండింటికి పెట్టించుకోండి. ఆ ఒక్క గంట కోసం డ్రైవరుతో ముందురోజే మాట్లాడుకోవాలి, పొద్దున్నే అడిగితే ఒప్పుకోడు.

బయల్దేరే ముందు రెండు పనులున్నాయి.

మొదటిది డబ్బు. మాట్లాడుకున్న మొత్తంలో మిగిలింది చేతికి వచ్చాకే గుడికైనా ఎక్కడికైనా. ఒకసారి, ఏ ఊరో చెప్పను, కమిటీవాళ్ళు "పొద్దున్నే లాడ్జికి తెచ్చిస్తాం మాస్టారూ" అన్నారు. మేం సరేనని షికారుకి పోయాం. తిరిగొస్తే లాడ్జిలో ఎవరూ లేరు, ఫోను ఎత్తరు, చివరికి లాడ్జి బిల్లు కూడా మేమే కట్టుకుని వచ్చాం. అప్పట్నుంచీ ఆఖరి అంకం నడుస్తుండగానే కమిటీ పెద్ద పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. నా వేషం ఎట్లాగూ అప్పటికి అయిపోయి ఉంటుంది.

రెండోది ఆడ ఆర్టిస్టులు. ద్రౌపదికీ రుక్మిణికీ వేసే అమ్మలు ఎక్కువగా తెనాలి నుంచో విజయవాడ నుంచో వస్తారు. మరుసటి రోజు ఇంకో ఊళ్ళో ఆట ఉంటుంది కాబట్టి తెల్లవారుజామునే రైలెక్కేస్తారు. వాళ్ళను స్టేషన్లో దింపి, రైలు కదిలిందాకా ఉండి, అప్పుడు మీ దారిన పోండి. రైలుకి టైముందీ, వాళ్ళూ వస్తామన్నారూ అంటే ఆటో ముందే మాట్లాడి, వాళ్ళ పెట్టెలు ఎవరి దగ్గర పెట్టాలో చూసి తీసుకెళ్ళండి. మా ద్రౌపదమ్మ ఒకావిడ పన్నెండేళ్ళు నెల్లూరు స్టేజీ ఎక్కి కూడా పెన్న చూడలేదు. చూపించినరోజు ఇసుకలో కూర్చుని కాళ్ళు పట్టుకుంది, "ఇంత దగ్గర్లో ఉందా అన్నా" అని.

రంగు తీసే సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే గుడికి పోయేది ఆ మొహంతోనే. ముందు సబ్బు పెట్టొద్దు. కొబ్బరినూనె పట్టించి ఐదు నిమిషాలు ఊరుకుని, పాత నూలుగుడ్డతో పైనుంచి కిందికి తుడవండి, తర్వాత శనగపిండి, చివర్లో సబ్బు. మీసం గమ్ము పీకొద్దు, నూనె వేలితో అంచులు తడిపితే అదే ఊడొస్తుంది. చెవుల వెనకాల, మెడ కింద, గోళ్ళ సందుల్లో మాత్రం ఎంత రుద్దినా కాస్త మిగులుతుంది. మా కృష్ణుడు ఒకసారి రంగనాయకుల గుళ్ళో తీర్థానికి చెయ్యి చాపితే అర్చకస్వామి ఆ చేతిని, ఆ తర్వాత చెవి వెనకాల నీలం మరకని చూసి, "రాత్రి రాయబారానికి పోయింది మీరేనా? పడక సీను బాగా పండిందంట గదా!" అని ఇంకో ఉద్ధరిణె పోశారు. (పడక సీనంటే అర్జునుడూ దుర్యోధనుడూ సాయం అడగడానికి వచ్చినప్పుడు కృష్ణుడు పడక మీద ఉండే ఘట్టం.) మావాడికి ఆ రోజు వచ్చిన శాలువా కంటే అదే ఎక్కువైంది. నెలరోజులు చెప్పుకున్నాడు.

ఇప్పుడు గుడి. తల్పగిరి రంగనాథస్వామి గుడి రంగనాయకులపేటలో, పెన్న ఒడ్డున ఉంది. ఊరి నడిబొడ్డునుంచి ఆటోలో పది నిమిషాలు. ఆ వేళప్పుడు ఆటో అతను "యాడికి సామీ?" అని అడుగుతాడు, "రంగనాయకుల గుడికి" అనండి చాలు, తల్పగిరి అంటే ఒక్క క్షణం ఆలోచిస్తాడు. తల్పం అంటే పడక, ఆదిశేషుడే కొండై స్వామికి పడకయ్యాడని స్థలపురాణం, అందుకే తల్పగిరి. ముందు గాలిగోపురం కనిపిస్తుంది. దాదాపు 70 అడుగుల ఎత్తు, పైన బంగారు పూత కలశాలు. తెల్లవారుజామున కింద వీధి ఇంకా నల్లగా ఉండగానే పై కలశాల మీద వెలుగు పడుతుంది, అది చూడాలంటే సూర్యుడు రాకముందే అక్కడుండాలి. తొమ్మిదింటికి పోతే అదీ ఒక గోపురమే. లోపల హడావిడి పడకండి, పొద్దున పూట జనం పలచగా ఉంటారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో బ్రహ్మోత్సవాలుంటాయి. ఆ రోజుల్లో ఆట పడితే మాత్రం ఈ ప్రశాంతం ఉండదు, రథం రోజున ఆ పేటలోకి వ్యాను తీసుకురావద్దు.

గుడి వెనకే ఏరు. ఎండాకాలం నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ కనిపిస్తుంది, అయినా గాలి చల్లగా ఉంటుంది. ఇక్కడ ఓ అరగంట కూర్చోండి. ఎందుకు కూర్చోమంటున్నానంటే ఇది తిక్కన సోమయాజి ఊరు.

ఇది మనవాళ్ళలో చాలామందికి తెలుసు, కానీ తెలిసినట్టు ఉండరు. 13వ శతాబ్దంలో నెల్లూరిని మనుమసిద్ధి ఏలాడు, అప్పుడు దీన్ని విక్రమసింహపురి అనేవాళ్ళు. ఆయన కొలువులో మంత్రి, కవి తిక్కన. నన్నయ్య మహాభారతాన్ని అరణ్యపర్వం మధ్యలో ఆపితే, విరాటపర్వం మొదలుకుని చివరిదాకా పదిహేను పర్వాలు తెలుగు చేసింది ఈయన. అంటే కీచకుడు, ఉత్తరుడు, రాయబారం, భీష్ముడి అంపశయ్య, కర్ణుడి చావు, మనం రంగు పూసుకుని స్టేజీ ఎక్కి బతుకుతున్న ఈ సీన్లన్నీ తెలుగులో మొదట ఈయన చేతిమీదుగా వచ్చినవే. మనం పాడే పద్యాలు తర్వాతి కాలపువి, నిజమే. కానీ ఒక పాత్ర మాట్లాడుతుంటే ఎదుటి పాత్ర మొహం ఎట్లా ఉందో వినేవాడికి కనిపించేట్టు రాయడం ఆయన దగ్గర నేర్చుకోవాల్సిందే. విమర్శకులు నాటకీయత అంటారే, అది. పైగా ఆయన వట్టి కవి మాత్రమే కాదు. మనుమసిద్ధిని దాయాదులు గద్దె దించితే ఓరుగల్లు పోయి కాకతి గణపతిదేవుణ్ణి సాయమడిగి రాజును మళ్ళీ గద్దెనెక్కించాడని చెబుతారు. రాయబారం రాసినవాడు రాయబారం నడిపినవాడు కూడా. మా దుర్యోధనుడికి ఈ సంగతి ఆ ఇసుకలో కూర్చున్నప్పుడు చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి ఈ ఊళ్ళో నేను రాత్రి రెండు పద్యాలు మింగేశాను గదరా" అన్నాడు.

రంగనాయకులపేట నుంచి మూలాపేటకి దగ్గరే. అక్కడ మూలస్థానేశ్వరుడి గుడి ఉంది. నెల్లి చెట్టు, అంటే ఉసిరిచెట్టు, దాని కింద లింగం వెలిసిందనీ, అందుకే నెల్లూరు అన్న పేరు వచ్చిందనీ ఒక కథ. నెల్ అంటే వరి, వరి పండే ఊరు కాబట్టి నెల్లూరు అనేవాళ్ళూ ఉన్నారు. మొలగొలుకుల బియ్యం పుట్టిన చోట ఆ మాటా నిజమే అనిపిస్తుంది. ఇక్కడ పది నిమిషాలు చాలు.

కోటమిట్ట అన్న పేరు విని కోట చూద్దామని మాత్రం బయల్దేరకండి. నేను పోయాను ఒకసారి. ఇళ్ళూ దుకాణాలూ చూసి వచ్చాను. మిట్ట అంటే ఎత్తయిన చోటు, నెల్లూరులో ఈ మిట్టలు చాలా ఉన్నాయి.

ఆట రోజు సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా కాస్త ఖాళీ దొరుకుతుంది, స్టేజీ కట్టడం అయ్యి, మైకులు చూసుకుని, ఇంకా రంగు మొదలుపెట్టని టైము. దీనికి నాది ఒకటే షరతు. ఫోను చేస్తే పావుగంటలో గ్రీన్‌రూముకి రాగలిగినంత దూరంలోనే తిరగాలి. దర్గామిట్టలో బారాషహీద్ దర్గా, పక్కనే స్వర్ణాల చెరువు, ఇవి ఆ టైముకి బాగుంటాయి. పన్నెండుమంది వీరుల సమాధులు అక్కడున్నాయి, బారా అంటే పన్నెండు. మొహర్రం అప్పుడు రొట్టెల పండుగ ఇక్కడే జరుగుతుంది. కోరిక తీరినవాళ్ళు చెరువు నీళ్ళలో నిలబడి రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్ళు తీసుకుంటారు, తీరాక మళ్ళీ వచ్చి ఇంకొకరికి ఇస్తారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఇల్లు కట్టుకునే రొట్టె అని పేర్లు పెట్టి అడుగుతారు. హిందువులా ముస్లిములా అని ఎవరూ అడగరు. వన్స్‌మోర్ రొట్టె ఏమన్నా ఉందా అని మా హార్మోనియం మాస్టారు అడిగితే ఒక పెద్దావిడ నవ్వి "ఆరోగ్యం రొట్టె తీసుకో నాయనా, గొంతు బాగుంటే అదే వస్తాది" అంది. ఆ పండుగ రోజుల్లో లక్షల్లో జనం వస్తారు. లాడ్జి ముందే చెప్పుకోకపోతే వ్యానులోనే పడుకోవాల్సి వస్తుంది.

సంగీతం వాళ్ళు మీ బృందంలో ఉంటే తిప్పరాజువారి వీధికి తీసుకెళ్ళండి. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి ఇల్లు ఆ వీధిలో ఉండేది. 2020 ఫిబ్రవరిలో ఆయన దాన్ని వేదపాఠశాల కోసం కంచి కామకోటి పీఠానికి ఇచ్చేశారు, అదే ఏడాది సెప్టెంబరులో ఆయన పోయారు. వాళ్ళ నాన్న సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు, నాటకాల్లో కూడా వేసేవారు. అంటే మనవాళ్ళే. ఇప్పుడు అక్కడ వేదం చదివే పిల్లలుంటారు కాబట్టి గుంపుగా పోయి సెల్ఫీల గోల చెయ్యకుండా వీధిలోంచి చూసి రండి. మా మాస్టారు అక్కడ చెప్పులు విడిచి నిలబడ్డారు, నేనేం అడగలేదు.

బంగారం చూడాలనుకునే వాళ్ళు ఆచారి వీధికి, మామూలు సరుకులకి చిన్నబజారు, పెద్దబజారు. చూస్తే చూడండి గానీ ఆట డబ్బులు జేబులో పెట్టుకుని ఆచారి వీధిలోకి పోవద్దని మా ఆవిడ తరఫున కాదు, నా తరఫున మనవి.

ఇక చెయ్యకూడనిది ఒకటి చెప్తాను, నా చేతిమీదుగా జరిగింది. ఆట రోజు మధ్యాహ్నం "రెండు గంటల్లో వచ్చేద్దాం" అని మా కృష్ణుణ్ణి, ఇంకో ముగ్గుర్ని తీసుకుని మైపాడు బీచికి పోయాను. నెల్లూరునుంచి 25 కిలోమీటర్లు ఉంటుంది. బీచి బాగుంది, అందులో మాట లేదు. ఆ ఉప్పుగాలిలో మావాడు గంటన్నర నిలబడి, అలలకి ఎదురుగా పద్యం పాడి, వేడివేడి మిరపకాయ బజ్జీలు తిని, మీద ఐసు వేసిన చెరుకురసం తాగాడు. వద్దనలేదు నేను, నేనూ తాగుతున్నా కదా. వచ్చేప్పుడు ఆటో పంక్చరు. గ్రీన్‌రూముకి వచ్చేసరికి ఎనిమిదిన్నర, మేకప్ ఆయన మొహం చూడలేకపోయాను. పడక సీనులో లేచి కూర్చుని మొదటి పద్యం ఎత్తుకున్నాడు, బాగానే ఉంది. రెండో పద్యం ఆలాపనలో పైకి పోయి అక్కడే గొంతు చీలింది. తెర పక్కనుంచి నాకు కనిపిస్తోంది. మాస్టారు తల ఎత్తకుండా హార్మోనియం మీద ఒక మెట్టు కిందికి దించారు, తబలా ఆయన అది పట్టుకుని కాస్త గట్టిగా వాయించి కప్పేశారు. జనానికి తెలిసిందో లేదో గానీ ఆ రాత్రి ఒక్క వన్స్‌మోరూ పడలేదు. మైపాడు ఆటకి ముందు కాదు, మర్నాడు.

మర్నాడు ఆట లేకపోతే, లేదా పక్క మండలంలో రాత్రికి ఉంటే, అప్పుడు ఊరి బయటికి పోవచ్చు. రెండు దార్లున్నాయి, రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు.

తూర్పు దారి: ఇందుకూరుపేట వైపు పోతే పల్లిపాడు వస్తుంది, అక్కడ పెన్న ఒడ్డున పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీగారు స్వయంగా వచ్చి ప్రారంభించారు. స్థలం ఇచ్చింది పొణకా కనకమ్మగారు, నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టిందీ ఆవిడే. పెద్ద భవనాలు, బొమ్మలు ఉంటాయని పోతే నిరాశపడతారు. చెట్లు, ఏరు, నిశ్శబ్దం. రాత్రంతా మైకుల హోరులో ఉన్న చెవులకి అది చాలా హాయి. అట్నుంచి మైపాడు పోయి సాయంత్రానికి రావచ్చు, అప్పుడు కావాలంటే చెరుకురసం కూడా తాగండి.

పడమటి దారి: జొన్నవాడ కామాక్షమ్మ, నరసింహకొండ. రెండూ నెల్లూరుకి 15 కిలోమీటర్ల అటూ ఇటూలోనే. జొన్నవాడ పెన్న ఒడ్డున ఉంది. జబ్బు పడ్డవాళ్ళు, పిల్లలు కలగనివాళ్ళు రాత్రి గుడి దగ్గర నిద్ర చేస్తారు. మీరు ఆట అయ్యాక నేరుగా పోతే మీరూ నిద్రే చేస్తారు, మొక్కు ఉన్నా లేకపోయినా. నరసింహకొండ మీద వేదగిరి లక్ష్మీనరసింహస్వామి, కొండ మీద ఏడు కోనేళ్ళు. వీటి కోసం ఎండ ఎక్కకముందే ఎక్కాలి. మోకాళ్ళు బాగాలేని భీష్ముళ్ళు కింద టీ కొట్టు దగ్గర ఆగిపోవచ్చు, ఎవరూ ఏమనుకోరు.

ఉదయగిరి సంగతి అడుగుతుంటారు. నెల్లూరునుంచి దాదాపు వంద కిలోమీటర్లు. నెల్లూరు ఆటతో కలపకండి. ఆత్మకూరు, వింజమూరు వైపు ఆట పడినప్పుడు పెట్టుకోండి. కొండ మీద కోట, ఎక్కడానికి ఓపిక, నీళ్ళు రెండూ కావాలి, నున్నటి అడుగు చెప్పులతో పోతే జారతారు. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం తర్వాత మద్రాసు మ్యూజియం చేరింది. కృష్ణుడి వేషం వేసేవాళ్ళు ఎవరైనా ఆ కొండెక్కి తీరాలని నా పట్టు, మావాడు ఇంతవరకు ఎక్కలేదు. దిగాక ఉదయగిరి చెక్క స్పూన్లు, గరిటెలు కొనండి. వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తేలిగ్గా ఉంటాయి, ట్రంకు పెట్టెలో గదల పక్కన సర్దుకుపోతాయి.

వానల సంగతి ఒక్కమాట. నెల్లూరుకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి, తుఫాన్లూ అప్పుడే. కార్తీక మాసంలో ఆట ఒప్పుకుంటే సీను తెరలకి టార్పాలిన్ తెచ్చుకోండి. గట్టి వాన పడితే రైల్వే అండర్‌బ్రిడ్జీల కింద నీళ్ళు నిలుస్తాయి, పది నిమిషాల దారి గంటవుతుంది, అప్పుడు నా పావుగంట లెక్క పనికిరాదు.

తిండి గురించి కూడా ఇదే పద్ధతి, ఆటకి ముందు ఒకటి, తర్వాత ఒకటి. ముందు పెరుగన్నం, ఇడ్లీ, ఇంకేం వద్దు. కారం దోసె నెల్లూరులో తినాల్సిందే, ఆ ఎర్రకారం రాత్రి ఏడింటికి తిని పదకొండింటికి పద్యం పాడగలిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. దాన్ని గుడినుంచి వచ్చేప్పుడు పొద్దున తినండి. చేపల పులుసుకి మధ్యాహ్నం భోజనం. పచ్చిమామిడి ముక్కలేసిన రాత్రి పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుందని ఇక్కడివాళ్ళు చెబుతారు, నిజమే. తెలిసినవాళ్ళ ఇంట్లో పిలిస్తే మొహమాటపడకుండా పోండి, హోటల్ పులుసుకి ఆ రుచి రాదు. అయితే సాయంత్రం మళ్ళీ ఆట ఉన్నరోజున రెండో వాయి పెట్టించుకోవద్దు.

ఇంటికి మలైకాజా కొంటారు ఎట్లాగూ. పాకం కారుతుంది, కాబట్టి డబ్బాకి పైన ప్లాస్టిక్ కవరు వేయించి చేతిలో పట్టుకోండి. ఒకసారి మా తబలా ఆయన డబ్బాను దుస్తుల పెట్టెలో పెట్టాడు. తర్వాతి ఆటలో ధర్మరాజు ఉత్తరీయం భుజకీర్తులకి అతుక్కుపోయింది, జూదం సీనంతా ఆయన ఒక పక్కకే తిరిగి మాట్లాడాడు. చీమలు వేరే.

వ్యాను కదిలే ముందు లెక్క: కిరీటాలు, గదలు, విల్లు, విగ్గులు, మీసాల డబ్బా, హార్మోనియం, సీను తెరలు, తర్వాత మనుషులు. మనుషుల్లో ఒకరు తక్కువైతే భయపడకండి. పెన్న ఒడ్డున నిద్రపోయి ఉంటాడు, ఒక కుర్రాణ్ణి బండి మీద పంపించండి.